నూలెవరిది?

2003లో నేను ఇంట్లో కూర్చుని సంపాదించడానికి అన్ని ఏర్పాట్లూ చేసుకున్నాను. డిగ్రీ అయిపోయి రెండేళ్లు. నెల్లూరులో ఒక మేడ ఎక్కితే అద్దాల గది, గది నిండా చల్లగాలి, ఆ చల్లగాలిలో టై కట్టుకున్న కుర్రవాడు. గోడ మీద ప్రపంచ పటం. పటంలో అమెరికా మీద నాలుగు ఎర్ర పిన్నులు గుచ్చి ఉన్నాయి. నాకు ఆ పిన్నులే చాలు, ఇంకేమీ అడగలేదు. 12,000 రూపాయలు డిపాజిట్టు కట్టి ఒక సీడీ తెచ్చుకున్నాను. అందులో స్కాన్ చేసిన ఇంగ్లీషు పేజీలు. వాటిని చూసి టైపు చేసి తిరిగి ఇవ్వాలి. పేజీకి 15 రూపాయలు. నూటికి రెండు తప్పులు దాటితే మాత్రం పైసా రాదు.

డిపాజిట్టు మా అమ్మ గాజుల్లోంచి వచ్చింది. కంప్యూటరు వాయిదాల మీద వచ్చింది. నేను రోజుకు పద్నాలుగు గంటలు కొట్టాను. మొదటి రెండు వందల పేజీలు ఏదో పాత నవల. గుర్రపు బండ్లు, వాన, ఎవరో దొరసాని జబ్బు. తర్వాత ఉన్నట్టుండి ఓడ ఇంజను మరమ్మతుల పుస్తకం మొదలైంది. దొరసానికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లోనే మా అవ్వ పాటూరు నుంచి వచ్చింది. రెండు రోజులు గుమ్మం పక్కన కూర్చుని నన్ను చూసింది. మూడో రోజు అడిగింది.

"ఏం పనిరా అబ్బయా ఇది?"

"టైపింగ్ అవ్వా. వాళ్లిచ్చింది చూసి కొట్టాలి. పేజీకి పదిహేను."

"బాగానే ఉండాది. నూలెవరిది?"

నాకు నవ్వొచ్చింది. నూలు కాదవ్వా, కంప్యూటరు పని అని, డిపాజిట్టు సంగతి చెప్పాను. అవ్వ నవ్వలేదు. కాసేపు నా వేళ్ల వంక చూసి, "అంటే నూలుకు నువ్వే డబ్బులు కట్టి, కూలికి నువ్వే నేస్తుండావా?" అంది. అని లేచి వంటింట్లోకి పోయింది. దాని మీద మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. మా అవ్వతో ఉన్న చిక్కే అది.

తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. మొదటి సీడీలో తప్పులు ఎక్కువన్నారు. రెండోదాంట్లో పేరాకూ పేరాకూ మధ్య ఖాళీ తప్పన్నారు. మూడోది ఇవ్వబోతే అద్దాల గదికి తాళం. మెట్ల మీద నాలాంటి వాళ్లు ఓ ముప్పైమంది, అందరి చేతుల్లోనూ సీడీలు.

కోవూరు మండలంలో పాటూరు అంటే మగ్గాల ఊరు. మా అవ్వ ఎరిగిన లోకంలో పని ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది. గుంట మగ్గం నట్టింట్లో. గుంటలో కాళ్లు పెట్టి తాత కూర్చుంటే, ఆయన పక్కనుంచే వంటింట్లోకి నడిచేవాళ్లం. సావుకారు నూలిచ్చేవాడు, జరీ ఇచ్చేవాడు. చీర కోసి తీసుకుపోతే మజూరీ ఇచ్చేవాడు. మగ్గం మనది, చెయ్యి మనది, నడుం నొప్పి మనది. నూలు మాత్రం ఆయనది. ఆ ఏర్పాటులో ఒక కిటుకు ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. నూలిచ్చినవాడి డబ్బు మన ఇంట్లో ఇరుక్కుపోయి ఉంటుంది. కాబట్టి వాడికి మన మీద ఒక కన్ను ఉంటుంది. సావుకారు ఊరికే పలకరించినట్టు వచ్చి పడుగు మీద చెయ్యి వేసి చూసిపోయేవాడు. ఆయన మనల్ని అనుమానించేవాడు. ఆ అనుమానమే మనకు పూచీ. అద్దాల గదిలో కుర్రవాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు టైపింగ్ వచ్చా రాదా అని కూడా చూడలేదు. ఎందుకు చూస్తాడు? వాడి నూలు నా దగ్గర ఏముంది గనక?

ఇలా చెబితే మగ్గం రోజులేవో బంగారు రోజులన్నట్టు ఉంటుంది. కాదు. అంచులో ఒక పోగు తప్పితే మజూరీలో కోత. పెళ్లికో రోగానికో బాకీ తెచ్చుకుంటే ఆ బాకీ తీరేదాకా వేరే సావుకారు గడప తొక్కకూడదు. ముసురు పట్టిందంటే గుంటలో నీరు ఊరేది, పోగు సాగేది, పది రోజులు పని నిల్. ఇంకొకటి ఉంది. మా అమ్మ ఎనిమిదో ఏట నుంచి కండెలు చుట్టింది. అవ్వ ఆసు పోసింది, నూలుకు గంజి పట్టింది. సావుకారు చీటీలో మాత్రం తాత పేరు ఒక్కటే. "మీ ఆవిడ ఏం చేసేది?" అని ఎవరైనా అడిగితే తాత, "ఇంట్లోనే ఉండేది" అనేవాడు. నిజమే, ఇంట్లోనే ఉండేది. మగ్గం కూడా ఇంట్లోనే ఉండేది.

ఈ "ఇంట్లోనే ఉండేది" అన్న మాట మీద ఒక పెద్ద పుస్తకమే ఉంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతానికి వచ్చి, అక్కడ లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్" ప్రచురించింది. మిషనరీలు నేర్పిన ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయేది. ఆడవాళ్లు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవాళ్లు. అయినా వాళ్లను పనివాళ్లని ఎవరూ అనలేదు. గృహిణులు, తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు అన్నారు. తీరిక అన్న మాట పడగానే కూలి సగానికి పడిపోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి దగ్గర కూలికి పనిచేసేవాళ్లూ కార్మికులేనని ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. 2020 నాటి సామాజిక భద్రత స్మృతిలో మాత్రం ఇంటి దగ్గర పనిచేసే కార్మికులకు ఒక నిర్వచనం దొరికింది. మా అవ్వ ఉంటే ఆ నిర్వచనాన్ని కూడా నూలెవరిదని అడిగేదేమో!

మోసం చేయని పని అయినంత మాత్రాన అది మంచి పని అయిపోదు, ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఇంట్లో చేసే పనికి ఇంటి గోడలే ముసుగు. అది ఎన్ని గంటలు, ఎవరి చేతులు అన్నది బయటికి కనపడదు.

అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజనీరు, అంతరిక్ష రంగంలో పనిచేసినాయన, 1973లో ఇంటి నుంచి పనిచేసే పద్ధతికి "టెలికమ్యూటింగ్" అని పేరు పెట్టాడు. మనిషి పనికి పోయే బదులు పనినే మనిషి దగ్గరికి తీగల మీద పంపిద్దాం అన్నాడు. పాటూరులో నూలు సైకిలు మీద వచ్చేది, అంతే తేడా. మన దగ్గర ఆ తీగల పని మొదట మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌గా దిగింది. అమెరికా డాక్టరు పగలు చెప్పింది హైదరాబాదు అమ్మాయి రాత్రి విని టైపు చేసేది. కొన్నాళ్లు ఆ కోర్సుల బోర్డులు లేని వీధి లేదు. తర్వాత యంత్రాలే మాటలు విని రాయడం నేర్చుకున్నాక ఆ బోర్డులు మెడికల్ కోడింగ్ బోర్డులయ్యాయి.

అసలు సంగతి 2020లో చూశాం. మా పిన్నమ్మ వాళ్ల ఊరు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు బీచికి ఈ పక్కన. లాక్‌డౌన్‌లో బెంగళూరు, హైదరాబాదు నుంచి పిల్లలంతా దిగారు. రొయ్యల గుంటల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఫోను పలకాలంటే మేడెక్కాలి. రాకెట్లు పంపే శ్రీహరికోట ఇదే తీరంలో ఉంది, అయినా మాకు నాలుగు గీతల సిగ్నలు అందాలంటే నీళ్ల ట్యాంకు మీద కూర్చోవాలి. సాయంత్రం పూట చూస్తే ప్రతి మేడ మీదా ఒక కుర్రవాడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గాల్లోకి ఇంగ్లీషు మాట్లాడుతుండేవాడు. కింద ముసలాళ్లకు అదొక వింత. "కూర్చుని మాట్లాడితే లక్షలిస్తారంటనే!" అని మా పిన్నమ్మ నోరు నొక్కుకునేది. ఆమెకు కొడుకు జీతం కంటే అతను అన్నం తింటూ కూడా ఎవరికో "సారీ" చెప్పడం ఎక్కువ బాధగా ఉండేది.

అప్పటికి నేను కూడా ఇంటి కూలీనే. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు, సినిమాలకు సబ్‌టైటిళ్లు. మాటకు ఇంత అని లెక్క. ఈ పని ఇంటిదే అయినా ఇంటి బయట ఉన్నవాటి మీదే దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కరెంటు లేదు, నెట్ లేదు, నా దగ్గర మర్నాటికి ఇవ్వాల్సిన ఫైలు. వరద వచ్చిందని ఢిల్లీలో ఉన్నవాడికి చెప్పడానికైనా ఫోను పలకాలి కదా. మగ్గం గుంటలో నీరు ఊరినప్పుడు తాత అరుగు మీద కూర్చుని వాన వంక చూసే చూపు ఉండేది. ఆ రెండు రోజులు నేనూ అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వచ్చిన కష్టం చెబుతాను. ఇరవై ఏళ్లు దాన్ని నేను తాయెత్తులా కట్టుకు తిరిగాను. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగారా, నూలు నాదే, వద్దు. పెన్సిళ్లు ప్యాక్ చేసే పని, ఇంటికే సరుకు పంపుతాం, ముందు గుర్తింపు కార్డుకు 650 కట్టండి అన్నారా, వద్దు. శిక్షణకు కట్టండి, ల్యాప్‌టాప్ కొరియరుకు కట్టండి, వద్దు వద్దు. ఎవరడిగినా ఇదే చెప్పేవాణ్ణి. తీరా మా పిన్నమ్మ కోడలి, అంటే నాకు వరసకు మరదలి, ఫోనుకు ఒక సందేశం వచ్చిన రోజున ఆ తాయెత్తు పనిచేయలేదు.

హోటళ్ల ఫోటోలకు లైకు కొట్టాలట. మూడు కొడితే 150 రూపాయలు. ఆమె ఆటకు కొట్టింది. నిజంగానే 150 వచ్చి ఖాతాలో పడ్డాయి. సాయంత్రం మరో 200. "చూడు బావా, వాళ్లే ఇచ్చినారు. నేనేం కట్టలా" అని ఫోను చూపించింది. నేను నోరు తెరిచి మూశాను. నూలు వాళ్లదే! అవ్వ పరీక్షలో వాళ్లు నెగ్గారు.

నా తెలివి అక్కడ ఆగిపోయింది గానీ ఆమెది ఆగలేదు. రాత్రి అంట్లు తోముతూ అడిగింది. "అది సరే బావా, మైపాడులో ఉన్న నేను, ఎన్నడూ చూడని ఊళ్లో హోటలుకు లైకు కొడితే అది ఎవురికి పనికొస్తాది?" ఎవరికీ పనికిరాదు. నేసిన గుడ్డ కట్టుకునేవాడు ఒకడు ఉండాలి కదా. నేను 2003లో కొట్టిన పేజీలు మాత్రం? అప్పటికే అచ్చయి ఉన్న నవలను అచ్చులోంచి చూసి నేను మళ్లీ కొడితే ఎవరు చదువుతారు? దొరసాని జబ్బు నయమైందో లేదో తెలుసుకోవాలని నాకు తప్ప ఇంకెవరికుంది? నూలెవరిదన్నది సగం ప్రశ్నేనని, చీర ఎవరు కట్టుకుంటారన్నది మిగతా సగమని ఆ రాత్రి తెలిసింది. అవ్వ ఆ రెండోది అడగలేదంటే, పాటూరు చీర ఎవరు కడతారన్న అనుమానం ఆమె బతుకులో ఎప్పుడూ రాలేదు కాబట్టి.

మర్నాడు, ఆ సందేశం పంపినవాళ్లు ఆమెను చేర్చిన ఫోను గుంపులో అసలు పని మొదలైంది. వెయ్యి కడితే 1,300 తిరిగి వస్తాయట. వచ్చాయి కూడా, కొందరికి. తర్వాత ఐదు వేలు, తర్వాత ఇరవై వేలు. అక్కడి నుంచి తిరిగి రావు. అడిగితే మీరు ఒక మెట్టు తప్పారు, ఇంకో పదివేలు కడితే మొత్తం విడుదలవుతుంది అంటారు. పోయినదాన్ని పట్టుకోవడానికి ఉన్నదాన్ని విసురుతాం. గాలానికి ఎర ఎలా గుచ్చాలో చేపలవాళ్ల ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా మా మరదలి పక్కింటామె 38,000 పోగొట్టుకుంది. మొగుడికి చెప్పడానికి భయపడి రెండు రోజులు మింగింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసేటప్పటికే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోయింది. మొదటి గంటల్లోనే చెబితే దారిలో ఆపే వీలుంటుంది. మన దగ్గర ఆ మొదటి గంటలన్నీ సిగ్గుకే ఖర్చవుతాయి. ఆ నాలుగు ఖాతాలూ కూడా నాలుగు ఇళ్లవే. నీ ఖాతా వాడుకోనిస్తే నెలకింత ఇస్తాం, ఇంట్లో కూర్చోవచ్చు అన్నది కూడా ఒక "పని"గా తిరుగుతోంది. దానికి నైపుణ్యం ఏమీ అక్కర్లేదు, చివరికి పోలీసులు వచ్చేది మాత్రం ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఇంటికే.

అవతల కూర్చుని ఆ సందేశాలు పంపేవాణ్ణి తిట్టుకుంటూ ఉండేవాణ్ణి, 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కాంబోడియా సంగతి బయటపెట్టేదాకా. డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెబితే ఏజెంట్లకు డబ్బు కట్టి మన కుర్రాళ్లు అక్కడికి పోయారు. దిగగానే పాస్‌పోర్టులు లాగేసుకున్నారు. గదుల్లో పెట్టి ఇక్కడివాళ్లకు ఫోన్లు చేయించారు, ఇలాంటి మోసాలే చేయించారు. డేటా ఎంట్రీ పని ఇస్తామని మనకు సందేశం పంపే వేళ్లు, డేటా ఎంట్రీ పని కోసం పోయి ఇరుక్కున్న వేళ్లు కావచ్చు. అది చదివాక అద్దాల గదిలో టై కుర్రవాడు గుర్తొచ్చాడు. వాడు కూడా డిపాజిట్టు కట్టే చేరాడేమో!

సరే, అసలు పని ఎక్కడ దొరుకుతుంది? మా మరదలు ఇదే అడిగింది. బీకాం చదివింది, ట్యాలీ నేర్చుకుంది, పెళ్లయి ఇక్కడికొచ్చింది. "నీకేం వచ్చో చెప్పు" అన్నాను. "నాకేం వచ్చు బావా" అంది. ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో. మనకు వచ్చిన పని మనకు పనిలా కనపడదు, ఊపిరిలా ఉంటుంది. అందుకని కూర్చుని నాకేం వచ్చని ఆలోచిస్తే ఏమీ తోచదు. మన గడపకు ఎవరెవరు, దేనికోసం వస్తున్నారో చూడాలి.

ఆమె గడపకు గుంటలవాళ్లు వస్తారు. వనామి రొయ్య పంట మూడు, నాలుగు నెలలు. సీడు బిల్లు, మేత బిల్లు, ఏరేటర్ల కరెంటు, డీజిలు, మందులు, కూలీలు, అన్నీ చిరిగిన కాగితాల మీదే. మేత కొట్టువాడు అప్పు రాసేది ఒక లెక్క, రైతు గుర్తుంచుకునేది ఒక లెక్క. ముందు మొగుడి గుంటల లెక్క రాసేది. తర్వాత మరిది, తర్వాత పక్కింటి మామ. కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత పడిందో, ఏ గుంట తింటోంది, ఏది దండగ చేస్తోంది, చూడగానే చెబుతుంది. ఫీజు కింద ఒక కవరు నిండా రొయ్యలు వస్తాయి. వాళ్లింట్లో ఫ్రిజ్ నిండా ఫీజే.

నా దగ్గరికి ఒకసారి రొయ్యల రైతుల కోసం చేసిన ఫోను యాప్ అనువాదానికి వచ్చింది. "పాండ్" అన్న చోటల్లా నేను చెరువు అని రాశాను. ఆమె చూసి, "ఇది భీమవరం వాళ్లకి బావా. మన కాడ చెరువంటే ఊరి చెరువు. రొయ్యలుండేది గుంట" అంది. నిజమే, నేనూ ఈ నేల మీద పుట్టినవాణ్ణే, పుస్తకాల తెలుగులో పడి మరిచిపోయాను. మా తాత కాళ్లు పెట్టింది గుంట, ఈమె లెక్క రాసేది గుంట, నేను మాత్రం చెరువులో పడ్డాను. రెండు రకాలూ పెట్టి పంపితే అవతలివాళ్లు ఆ పేజీలన్నీ ఆమె చేతే చూపించమన్నారు, మాటకింత అని డబ్బులిచ్చారు. అంతకు ముందు 200 మాటల పరీక్ష పెట్టారు, రెండు తప్పులు పట్టారు, వాటి గురించి వాదించారు. డబ్బు నలభై అయిదు రోజులకు గానీ రాలేదు.

ఆ జాప్యమూ ఆ వాదనా చూసే ఇది నిజమైన పని అని నాకు నమ్మకం కుదిరింది. నిజమైన పని ముఖం ఎప్పుడూ కొంచెం చిరచిరలాడుతూనే ఉంటుంది. మనల్ని అనుమానిస్తుంది, పరీక్ష పెడుతుంది, బ్యాంకు పుస్తకం కాపీ సరిగా రాలేదని తిప్పి పంపుతుంది, కొంత పన్ను కోసుకుని అది పాన్ కార్డు లెక్కలో చూపిస్తుంది. దొంగ పని తియ్యగా ఉంటుంది. అభినందనలు, మీరు ఎంపికయ్యారు అంటుంది. దేనికి ఎంపికయ్యామో తెలియదు, మనం అప్పటికి దరఖాస్తే చేసి ఉండం. కంపెనీ పేరు నిజమైనదేనా అని కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో చూడొచ్చు, చూడాలి కూడా. కానీ దొంగలు నిజమైన కంపెనీల పేర్లే వాడుకుంటారు. అందుకని ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఆ ఉద్యోగం ఉందో లేదో చూసి, అక్కడున్న నంబరుకే ఫోను చేయాలి. నేను ఇంత పొడుగ్గా చెబితే మా మరదలు, "అంటే సంబంధం చూసినట్టు" అని తేల్చేసింది. అంతే మరి. మధ్యవర్తి మాట విని తాంబూలాలు పుచ్చుకుంటామా, ఊరికి పోయి నలుగురినీ అడుగుతాంగా.

యాప్ పని పది రోజుల్లో అయిపోయింది. అలాంటివి వస్తాయి, పోతాయి. ఆమెకు నిలిచిన పని నెల్లూరులో ఒక ఆడిటరు దగ్గర దొరికింది. అదీ ఏ ప్రకటన చూసీ కాదు. మేత డీలరు జీఎస్టీ బిల్లులు కలవక తలపట్టుకుంటే ఈమె కాగితాల వల్ల కలిశాయి, అతను ఆడిటరుకు చెప్పాడు. ఆడిటరు ఒక్కసారి ఆఫీసుకు రమ్మన్నాడు. ఒక నెల బిల్లులు ముందు పెట్టి ఎక్కించమన్నాడు, దానికి డబ్బిచ్చాడు, తర్వాత ఇంటి నుంచి చేసుకోమన్నాడు. నెలకు 9,000. ఎక్కువేం కాదు. రిటర్నుల చివరి తేదీలు దగ్గర పడితే అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతుంది. ఆ వేళ పిల్లలకు అన్నం పెట్టేది మా పిన్నమ్మ. ఆ పెట్టడం ఏ చీటీలోకీ ఎక్కదు. మా ఇంట్లో కండెలు ఇంకా చుడుతూనే ఉన్నారు.

2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం రాష్ట్రంలో వర్క్ ఫ్రమ్ హోమ్‌ను పెద్ద ఎత్తున తెస్తామన్నారు. ఆ ఏడాదే గ్రామ సచివాలయాల సిబ్బంది ఇళ్లకు వచ్చి, ఇంటి నుంచి పనిచేయాలనుకునేవాళ్ల చదువులూ నైపుణ్యాలూ రాసుకున్నారు. దానికి కౌశలం అని పేరు. అలా రాసుకునే అమ్మాయి మా పిన్నమ్మ ఇంటికి వచ్చిన రోజు నేనూ అరుగు మీదే ఉన్నాను. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతిలో ఫోను. గబగబా అడుగుతోంది. ఏం చదివారు? బీకాం. ఇంట్లో నెట్ ఉందా? వానొస్తే ఉండదు. ఏయే భాషలొచ్చు? తెలుగు, కొంచెం ఇంగ్లీషు. కోడింగ్ వచ్చా? రాదు. వేరే నైపుణ్యాలేమైనా ఉన్నాయా అక్కా?

"పెద్దగా ఏం లేవమ్మా" అంది మా మరదలు.

నేను ఏదో అనబోయేంతలో ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో తడిసిన కాగితాలు. "అమ్మణ్ణీ, పట్టుబడికి బండొచ్చి ఉండాది. వాడు డెబ్బై అయిదు కౌంటు అంటుండాడు. నువ్వొకసారి చూడు తల్లీ."

కౌంటంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, అది పెరిగితే ధర తగ్గుతుంది. ఒక్క నిమిషం అమ్మా అని ఈమె ఆ కాగితాలు అరుగు మీద పరిచింది. తూకం ఎన్నిసార్లు వేశారు, ప్రతిసారీ రెండు కిలోలకు ఎన్ని తూగాయి అని అడిగింది. నూట నలభై రెండు, నూట నలభై ఒకటి, నూట నలభై మూడు. వేళ్ల మీదే తేల్చింది. "డెబ్బై ఒకటి మామా. నాలుగు కౌంట్లు ఎందుకు ఎక్కించినాడో అడుగు. నీ ముందరే ఇంకోసారి తూయించు." పెద్దాయన కాగితాలు చుట్టుకుని పరుగున పోయాడు.

సచివాలయం అమ్మాయి ఇదంతా చూస్తూ నిలబడింది. ఫోనులో నైపుణ్యాల గడి ఖాళీగా వెలుగుతోంది. దాన్ని వదిలేసి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మా నాయనకు కూడా మూడెకరాల గుంట ఉండాది. ఆ లెక్కలు చూసి పెడతావా? ఎంత తీసుకుంటావు?"

మా మరదలు నా వంక చూసింది. ఎంత చెప్పాలో నాకూ తెలియలేదు.